పెట్టె ఇంట్లో, పెత్తనం బయట

టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసే యంత్రం కొనబోయేవాళ్లు దుకాణంలో అడిగే ప్రశ్నలు ఏ కాలంలోనైనా అవే. ఎన్ని గంటలు పడుతుంది, బొమ్మ ఎలా ఉంటుంది, ధరెంత? మూడూ సబబైన ప్రశ్నలే. అయితే అమెరికా, బ్రిటన్‌లలో 1970ల నుంచి, మన దగ్గర 2008 నుంచి ఈ యంత్రాలు నడిచిన దారి చూస్తే, కొన్నవాళ్లకు అవి ఎన్నాళ్లు అక్కరకొచ్చాయన్నది ఈ మూడింటితో తేలలేదని అర్థమవుతుంది. అట్టపెట్టె మీద ఎవరూ అచ్చువేయని నాలుగో ప్రశ్న ఒకటుంది: రికార్డయినదాని మీద చివరి మాట ఎవరిది? క్యాసెట్ల కాలంలో ఆ మాట ఇంటివాళ్లది. డిజిటల్ వీడియో రికార్డరు, అంటే డీవీఆర్, వచ్చాక అది మెల్లగా ఇల్లు దాటిపోయింది. కొత్త సాంకేతికత వస్తే అంతే కదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఇక్కడ సాంకేతికత మీద నేరం మోపడం అన్యాయం. అదే సాంకేతికతతో వేరేలా జరిగిన చోట్లూ ఉన్నాయి. తేడా అంతా యంత్రాన్ని అమ్మిన పద్ధతిలో ఉంది.

రికార్డు చేసి తర్వాత చూపించడమన్నది మొదట ప్రేక్షకుల కోరిక కాదు, ప్రసారకర్తల అవసరం. న్యూయార్క్‌లో సాయంత్రం వార్తల వేళకు లాస్ ఏంజెలస్‌లో ఇంకా మధ్యాహ్నమే. ఈ మూడు గంటల తేడాకు 1956 ఏప్రిల్‌లో షికాగోలో ఒక మందు దొరికింది. ఆంపెక్స్ కంపెనీ అక్కడ ప్రదర్శించిన వీడియో టేప్ రికార్డరుకు రెండంగుళాల వెడల్పు టేపు, దాదాపు 50,000 డాలర్ల ధర. అదే ఏడాది నవంబరు 30న సీబీఎస్ తన న్యూయార్క్ వార్తలను టేపు మీద పట్టి పడమటి తీరానికి ఆలస్యంగా ప్రసారం చేసింది. సోనీ అధిపతి అకియో మొరిటా దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత చేసిందల్లా ఈ సౌకర్యాన్ని ఇంట్లోకి తేవడమే. 1975లో వచ్చిన బీటామాక్స్ క్యాసెట్‌లో గంటసేపు మాత్రమే పట్టేది. మరుసటి ఏడాది జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టింది. 1977లో ఆర్‌సీఏ తన పేరుతో అమెరికాలో అమ్మిన వీహెచ్ఎస్ యంత్రంలో నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల కోసం ఆర్‌సీఏ పట్టుబట్టింది అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచి చూసేవాళ్ల కోసం. బీటామాక్స్ బొమ్మే మెరుగని, మంచి యంత్రం ఓడి నాసిరకం గెలిచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఆ వాదన రుచించదు. సినిమా సగంలో ఆగిపోయే యంత్రానికి బొమ్మ ఎంత బాగుంటే ఏం లాభం? జనం గంటలు చూసి కొన్నారు, సరిగ్గానే కొన్నారు. ఎందుకంటే నాలుగో ప్రశ్న విషయంలో రెండు యంత్రాలకూ తేడా లేదు. క్యాసెట్ బయటికి తీస్తే అది మన వస్తువు. పక్కింటివాళ్లకు అరువివ్వొచ్చు, చుట్టాలింటికి పట్టుకెళ్లొచ్చు. అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచేస్తే పొరపాటున కూడా దాని మీద మరొకటి ఎక్కదు. మనసు మారితే ఆ కన్నం మీద సెల్లో టేపు ముక్క అంటించి మళ్లీ వాడుకోవచ్చు. తయారుచేసిన కంపెనీ మూతబడినా యంత్రం ఆడుతూనే ఉంటుంది. మన దగ్గర మాత్రం అప్పటికి దూరదర్శన్ తప్ప దిక్కులేదు. ఎంచుకుని రికార్డు చేసుకోవడానికి ఛానళ్లే లేనప్పుడు వీసీఆర్ వీడియో లైబ్రరీ నుంచి తెచ్చిన అద్దె క్యాసెట్లు ఆడించే యంత్రంగానే ఎక్కువగా బతికింది.

హాలీవుడ్‌కు ఈ క్యాసెట్ కంటగింపయింది. 1976లో యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీ మీద దావా వేశాయి. జనం ఇంట్లో చేసే రికార్డింగు కాపీరైటు ఉల్లంఘన అని, అందుకు యంత్రం అమ్మినవాడే బాధ్యుడని వాటి వాదన. 1979లో కింది కోర్టు సోనీ పక్షాన, 1981లో అప్పీలు కోర్టు స్టూడియోల పక్షాన తీర్పు చెప్పాయి. ఆ మరుసటి ఏడాది, 1982లో, స్టూడియోల తరఫున జాక్ వాలెంటి అమెరికా చట్టసభ ముందు నిలబడి వీసీఆర్‌ను ఒంటరి ఆడవాళ్లను చంపిన బోస్టన్ హంతకుడితో పోల్చాడు. చివరికి 1984 జనవరి 17న సుప్రీంకోర్టు 5-4 తేడాతో సోనీని గట్టెక్కించింది. తర్వాత తీరిగ్గా చూడటం కోసం ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్ రాసిన తీర్పు సారాంశం. దీన్ని ప్రేక్షకుల విజయంగా అందరూ చెబుతారు, నిజమే. అయితే ఆ తీర్పులో పెద్దగా ఎవరూ పట్టించుకోని మాట ఇంకొకటుంది. యంత్రం అమ్మిన క్షణంతో సోనీకీ కొన్నవాళ్లకూ సంబంధం తెగిపోయింది, ఆ తర్వాత వాళ్లు దానితో ఏం చేస్తున్నారో చూసే దారీ, ఆపే దారీ సోనీకి లేవు, కాబట్టి వాళ్ల చేతలకు సోనీని పట్టుకోలేం అన్నది ఆ తర్కంలో ఒక ముఖ్యమైన మెట్టు. అంటే ప్రేక్షకుల స్వేచ్ఛకూ అమ్మినవాడి రక్షణకూ ఒకే ఆధారం: ఇద్దరి మధ్యా తెగిన దారం. పదిహేనేళ్ల తర్వాత డీవీఆర్ ఆ దారాన్నే మళ్లీ ముడివేసింది.

ముడివేయక తప్పదన్నట్టు వీసీఆర్ ప్రవర్తించిన మాటా కాదనలేం. గడియారం సరిచేయడం రాక పన్నెండు గంటల దగ్గర మిణుకుమిణుకుమనే యంత్రాలు అమెరికా ఇళ్లలో హాస్యానికి స్థిరమైన సరుకు. 1990లో జెమ్‌స్టార్ అనే సంస్థ ఒక ఉపాయం కనిపెట్టింది. పత్రికలో ప్రతి కార్యక్రమం పక్కన ఒక సంఖ్య అచ్చవుతుంది. ఆ అంకెలు నొక్కితే యంత్రం తేదీ, వేళ, ఛానల్ తానే గ్రహిస్తుంది. కార్యక్రమాల పట్టికే ఒక సరుకుగా మారడం అక్కడ మొదలైంది. 1999 జనవరిలో లాస్ వేగస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో రెండు కొత్త పెట్టెలు పక్కపక్కనే కనిపించాయి. సిలికాన్ గ్రాఫిక్స్ నుంచి బయటికొచ్చిన జిమ్ బార్టన్, మైక్ రామ్సేలది టీవో. ఆ తర్వాత రోకు స్థాపించిన ఆంథొనీ వుడ్‌ది రీప్లే టీవీ. రెండింటిలోనూ టేపు లేదు, కంప్యూటర్లలో ఉండే హార్డ్ డిస్కు ఉంది. కేబుల్ నుంచో డిష్ నుంచో వచ్చే బొమ్మను పెట్టె అప్పటికప్పుడు డిజిటల్‌గా మార్చి డిస్కు మీద రాసుకుంటూ పోతుంది. అందుకే నడుస్తున్న ప్రసారాన్ని సైతం ఆపి, ఫోను మాట్లాడి వచ్చి, ఆపినచోటు నుంచి చూడొచ్చు. ధారావాహిక పేరు ఒకసారి చెబితే వేళ మారినా వెతికి పట్టుకుంటుంది. ఫిలిప్స్ తయారుచేసిన మొదటి టీవో ధర 499 డాలర్లు. 14 గంటలు పడుతుందని చెప్పేవారు, అది అన్నిటికన్నా నాసి బొమ్మతో పెట్టిన లెక్క. పైన నెలకు 9.95 డాలర్ల చందా, లేదా ఒక్కసారే 199 డాలర్లు కడితే జీవితకాల చందా. రీప్లే టీవీకి చందా లేదు, ఆ మేరకు పెట్టె ధరే ఎక్కువ. నాటి కొనుగోలుదారులకు ఇది కూడికల లెక్కలా కనిపించింది: ఇప్పుడు ఎక్కువ కట్టాలా, నెలనెలా కొంచెం కట్టాలా? రెండు పెట్టెల వెనకా గోడలోని టెలిఫోను సాకెట్‌కు వెళ్లే తీగ ఉందన్న సంగతి లెక్కలోకి రాలేదు. పెట్టె ఆ తీగ ద్వారా తానే ఫోను చేసి రాబోయే రోజుల పట్టిక తెచ్చుకుంటుంది. పట్టికతోపాటు కొత్త సాఫ్ట్‌వేరూ వస్తుంది. జీవితకాలం అంటే కొన్నవాళ్ల జీవితం కాదు, ఆ పెట్టె జీవితమని షరతుల్లోనే ఉంది. ఆ పెట్టె ఎన్నాళ్లు బతకాలో మాత్రం అందులో లేదు.

ఈ తీగ ఏం చేయగలదో 2002లో కొద్ది వారాల తేడాలోనే రెండు దేశాల్లో తేలింది. మే నెలలో బ్రిటన్‌లో టీవో ఉన్నవాళ్లు టీవీ పెట్టి చూస్తే ఎవరూ కోరని బీబీసీ హాస్య ధారావాహిక ‘డోసా అండ్ జో’ వాళ్ల పెట్టెల్లో రికార్డయి ఉంది. అది పెద్దవాళ్ల కోసం రాత్రి పొద్దుపోయాక వచ్చే కార్యక్రమం. డబ్బు పెట్టి కొన్న డిస్కులో ఇంకొకరి ప్రకటన సామాను దించినట్టయిందని జనం మండిపడ్డారు. దాదాపు అదే సమయంలో లాస్ ఏంజెలస్‌లో మరో విడ్డూరం. రీప్లే టీవీ 4000 అనే నమూనా ప్రకటనలను తనంతట తానే దాటవేస్తుంది, రికార్డయినదాన్ని ఇంటర్నెట్ మీద మరో రీప్లే పెట్టెకు పంపుతుంది. టీవీ నెట్‌వర్కులు, స్టూడియోలు అప్పటికే దాని మీద దావా వేశాయి. వినియోగదారులు ఏం చూస్తున్నారో, ఏం దాటవేస్తున్నారో, ఎవరికి పంపుతున్నారో నమోదుచేసే సాఫ్ట్‌వేరు రాసి, పెట్టెల్లోకి పంపి, ఆ వివరాలు స్టూడియోలకు ఇవ్వమని ఒక మెజిస్ట్రేటు జడ్జి కంపెనీని ఆదేశించాడు. పైస్థాయి జడ్జి ఆ ఉత్తర్వు కొట్టేసిందనుకోండి. అయినా క్యాసెట్ యంత్రం విషయంలో అలాంటి ఉత్తర్వు రాయడమే అసాధ్యం కదా! సోనీని కాపాడిన ఆ తెగిన దారం ఇక్కడ లేదు. కంపెనీ చూడగలదు కాబట్టి చూడమన్నారు. 2003 మార్చిలో రీప్లే టీవీ యజమాని సోనిక్‌బ్లూ దివాలా తీసింది. దాన్ని కొన్న కొత్త యజమాని తెచ్చిన తర్వాతి నమూనాలో ప్రకటనల దాటవేత లేదు, పంపే సౌకర్యమూ లేదు. టీవో మొదటినుంచీ జాగ్రత్తపడింది. ముప్పై సెకన్లు ముందుకు దూకే మీట దాని రిమోట్ మీద లేదు, ఫలానా వరుసలో మీటలు నొక్కితే మాత్రం పనిచేస్తుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు మంత్రంలా ఉపదేశించేవారు. ప్రకటనకర్తలకు కోపం రాకుండా, కొన్నవాళ్లకు లేదనకుండా నడిపిన సంసారమది. 2004 ఫిబ్రవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ విరామంలో గాయని జానెట్ జాక్సన్ దుస్తులు చిరిగిన క్షణాన్ని తమ వినియోగదారులు ఎన్నడూ లేనంతగా వెనక్కి తిప్పి చూశారని టీవో మర్నాడే ప్రకటించింది. పేర్లు లేని మొత్తం లెక్కలేనని కంపెనీ వివరణ. ఇంట్లో రిమోట్ నొక్కిన సంగతి ఊరికి తెలియడమేమిటని చాలామందికి అప్పుడే తట్టింది.

ఇంతలో మార్కెట్టు మరో వైపు తిరిగింది. 2001లో బ్రిటన్‌లో స్కై సంస్థ తన ఉపగ్రహ ప్రసారాలకు తానే రికార్డరు తయారుచేయించి స్కై ప్లస్ పేరుతో ఇచ్చింది. అమెరికాలో డిష్, కేబుల్ కంపెనీలు అదే దారి పట్టాయి. నిజాయితీగా చెప్పాలంటే ఈ పెట్టెలు చాలా విషయాల్లో మెరుగే. ఉపగ్రహం నుంచి వచ్చే డిజిటల్ ధారను యథాతథంగా డిస్కులో దాచుకుంటాయి కాబట్టి బొమ్మ ఇసుమంత కూడా తగ్గదు. రెండు ట్యూనర్లు ఉండేసరికి ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేసుకోవచ్చు. చేతినుంచి పెద్దగా డబ్బు పడదు, నెలవారీ బిల్లులో కలిసిపోతుంది. గంటలు, బొమ్మ, ధర మూడింటిలోనూ ఆపరేటరు పెట్టే గెలిచింది. అందుకే విడి రికార్డరును ఎంచుకునేవాళ్లు తగ్గిపోయారు. ఓడినవాళ్లకు ఏమైందో చూడాలంటే మళ్లీ బ్రిటన్‌కే వెళ్లాలి. అక్కడ టీవో పెట్టెల అమ్మకం 2003లో ఆగింది. 2011 జూన్ 1న పట్టిక పంపడమూ ఆపేశారు. అప్పటికి టీవో ఒక కేబుల్ సంస్థతో కొత్త ఒప్పందం చేసుకుంది. డిస్కులు తిరుగుతున్నాయి, ట్యూనర్లు పనిచేస్తున్నాయి, జీవితకాల చందా కట్టిన రసీదులూ ఉన్నాయి. పెట్టె మాత్రం అసలు పనికి దూరమైంది. అదే ఏడాది, తన పేటెంటును ఉల్లంఘించిందంటూ ఉపగ్రహ టీవీ సంస్థ ఎకోస్టార్ మీద వేసిన దావాలో టీవో 50 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. పెట్టెలు అమ్మి గెలవలేని కంపెనీ కోర్టులో గెలిచింది. ఆ సొమ్ములో పెట్టె కొన్నవాళ్ల ప్రమేయం ఏమీ లేదు.

ఇక్కడ మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: జనం దాచుకోవడానికి రికార్డు చేయరు, ఒకసారి చూసి చెరిపేస్తారు, ఆ మాత్రానికి యాజమాన్యం గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు? సోనీ కేసులో కోర్టు ముందుకొచ్చిన సర్వేలు కూడా ఎక్కువమంది తర్వాత చూడటానికే వాడుతున్నారని చెప్పాయి. ఒప్పుకుంటాను. అయితే చెరిపేయబోయేదాని మీద కూడా మన మాట చెల్లాలి కదా. డోసా అండ్ జో మీద మండిపడ్డవాళ్లు ఏదీ దాచుకోవాలనుకున్నవాళ్లు కాదు. రెండోది కొంచెం బలమైనది: హెచ్‌డీ కాలంలో ప్రసారాలన్నీ గుప్తలిపిలో వస్తాయి, తాళంచెవి ఆపరేటరు దగ్గర ఉంటుంది, బయటి పెట్టెకు చోటెక్కడిది? దీనికి అమెరికా కేబుల్ చరిత్రే జవాబు. అక్కడి నియంత్రణ సంస్థ ఒత్తిడితో ఆ తాళంచెవిని ఒక చిన్న కార్డులో పెట్టి, ఎవరి పెట్టెలోనైనా గుచ్చుకునేలా ఇచ్చారు. 2006లో వచ్చిన టీవో సిరీస్ 3లో అలాంటి కార్డులకు రెండు అరలున్నాయి. ధర 800 డాలర్లు, కార్డు బిగించడానికి కేబుల్ మనిషి కోసం ఎదురుచూపులు. పని కష్టమైంది కానీ అసాధ్యం కాలేదు. ఉపగ్రహ సంస్థలకు ఆ నిబంధన వర్తించలేదు, వాటి జోలికి బయటి పెట్టెలు వెళ్లలేకపోయాయి. అడ్డుకున్నది విధానమే. మూడో అభ్యంతరం: ఎవరో ఒకరు పట్టిక పంపకపోతే డీవీఆర్‌కు తెలివే లేదు, కాబట్టి కంపెనీతో ముడి తప్పదు. దీనికి బ్రిటన్‌లోని ఫ్రీవ్యూ రికార్డర్లు తిరుగులేని సమాధానం. 2007 నుంచి ఫ్రీవ్యూ ప్లేబ్యాక్ గుర్తుతో వచ్చిన ఈ పెట్టెలు మామూలు యాంటెన్నాతో వచ్చే ఉచిత ప్రసారాలను రికార్డు చేస్తాయి. కార్యక్రమాల పట్టిక ఆ ప్రసారంలోనే కలిసి వస్తుంది. ధారావాహికను వెంటాడి పట్టుకోవడం సహా అన్నీ చేస్తాయి. ఫోను తీగ లేదు, చందా లేదు. తయారీదారు అమ్మి చేతులు దులుపుకున్నాడు, పెట్టె పనిచేస్తూనే ఉంది. అదే డిస్కు, అదే డిజిటల్ ధార, అదే దేశం. మారిందల్లా పట్టిక ఎవరి సొత్తన్నదే.

పెట్టె అసలు ఇంట్లోనే ఉండనక్కర్లేదని 2006లో న్యూయార్క్ ప్రాంతపు కేబుల్ సంస్థ కేబుల్‌విజన్ ప్రకటించింది. రిమోట్ నొక్కితే రికార్డింగు కంపెనీ సర్వర్లలో జరుగుతుంది. దాని మీదా దావా పడింది. 2008లో అప్పీలు కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది, 2009లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ప్రతి చందాదారుకూ విడిగా ఒక ప్రతి దాచడం, దాన్ని ఆ ఒక్కరికే చూపించడం ఆ తీర్పుకు ఊతం. అంటే వెయ్యిమంది ఒకే మ్యాచి రికార్డు చేస్తే వెయ్యి ప్రతులు! ఇంజనీరు కంటికి శుద్ధ దండగ. కానీ ఇంట్లో ఎవరి క్యాసెట్ వాళ్లదన్న పాత ఊహను చట్టం కోసం సర్వర్లలో నటించాల్సి వచ్చింది. క్యాసెట్ పోయాక కూడా దాని హక్కు నీడగానైనా మిగిలిందని కొందరు సంతోషిస్తారు. నాకైతే ఆ నీడ కంపెనీని కాపాడినంతగా ప్రేక్షకులను కాపాడలేదనిపిస్తుంది. చందా ఆపిన రోజున ఆ వెయ్యి ప్రతుల్లో ఒక్కటీ ఇంటికి రాదు.

మన దగ్గర ఈ కథ చివరి అంకంతోనే మొదలైంది. విడి రికార్డరును ఎంచుకునే దశ మనకు రానేలేదు. తెలుగులో 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ఛానళ్లకు కొదవ లేకపోయినా, వీధి కేబుల్ మీద డిజిటల్ రికార్డరు ఎవరూ అమ్మలేదు. 2008లో టాటా స్కై ప్లస్ వచ్చింది. 45 గంటల దాకా రికార్డు చేస్తుందన్నారు. మామూలు సెట్ టాప్ బాక్సు కంటే దాని ధర చాలా ఎక్కువ. అప్పటికే బ్రిటన్‌లో గెలిచిన నమూనా అది, పేరులోని ‘స్కై ప్లస్’ కూడా అక్కడిదే. కొనేవాళ్లు ముందు ఆపరేటరును ఎంచుకోవాలి, రికార్డరు వెంట వస్తుంది. తర్వాత పోటీ డీటీహెచ్ సంస్థలూ రికార్డింగు పెట్టెలు తెచ్చాయి. కొన్నింటిలో డిస్కు బదులు మన పెన్ డ్రైవ్ గుచ్చుకోవచ్చన్నారు. డ్రైవ్ మనదే, డబ్బు మనదే. దాన్ని ఊడదీసి కంప్యూటర్‌కు పెడితే మాత్రం ఫైలు తెరుచుకోదు. ఆ పెట్టెకు తప్ప అర్థంకాని తాళం వేసి ఉంటుంది. పక్కింటి పెట్టె, అది అదే కంపెనీదైనా, ఆ రికార్డింగును గుర్తుపట్టదు. ఈ పెట్టెలు తెలుగిళ్లలో పెద్దగా పాకకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. రాత్రి సీరియల్ మర్నాడు పగలు మళ్లీ వస్తుంది. రికార్డింగు పెట్టిన వేళకు కరెంటు పోతే డీవీఆర్ చేసేదేమీ లేదు. ఆ తర్వాత ఫోనులోకే సీరియళ్లు వచ్చేశాయి. అందుకే ఇక్కడ రికార్డింగు మీద హక్కు గురించి ఎవరూ కోర్టుకెక్కలేదు, పోగొట్టుకోవడానికి క్యాసెట్ కాలపు అలవాటూ బలంగా లేదు. ఒక ఆపరేటరు పెట్టె ఇంకో ఆపరేటరుకు పనికిరావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు కూడా పెట్టె గురించే, లోపలి రికార్డింగు గురించి కాదు.

కాబట్టి రికార్డింగు ఉన్న పెట్టె కొనబోయేవాళ్లు గంటలు, బొమ్మ, ధర అడిగాక ఆపరేటరును ఇంకో మాట అడగాలి: రీచార్జి ఆపేసిన మర్నాడు, లేదా ఇంకో కంపెనీకి మారిన మర్నాడు, నేను రికార్డు చేసుకున్నవి చూడొచ్చా? చూడలేరంటే అది అద్దె సరుకు. కొనుగోలు ధర అడిగితే ఇవ్వకండి.